ఆపరేషన్ తర్వాత కడుపు ఇబ్బందికి మూలికా తైలాలు: తేలిందెంత, తేలాల్సిందెంత

సిజేరియన్ వార్డులో రౌండ్స్‌కు వచ్చినవాళ్లు ముందుగా అడిగే ప్రశ్నల్లో ఒకటి, "ఏమ్మా, గాలి పోయిందా?" అన్నది. నీళ్లు ఎప్పుడు తాగాలి, గంజి ఎప్పుడు, ఇడ్లీ ఎప్పుడు అన్న నిర్ణయాలు చాలా ఏళ్లు ఆ జవాబు మీదే నడిచాయి. మంచం పక్కన కూర్చున్న అమ్మకో అత్తకో ఇంకో ఆలోచన ఉంటుంది: కాసిని వాము నీళ్లు పడితే పొట్ట తేలికవుతుంది కదా అని. ఇప్పుడు వీటికి మూడోది తోడైంది. పుదీనా, అల్లం, వాము, లావెండర్ తైలాలు చిన్న చిన్న సీసాల్లో మందుల షాపులకూ ఫోన్ ఆర్డర్లకూ వచ్చేశాయి. నల్లమల అంచున ఉన్న మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు పల్లెలకు కూడా అవి చేరగలవు.

"తైలాలు పనిచేస్తాయా?" అని ఒక్క ముక్కలో అడిగితే ఒకరు అవునంటారు, ఒకరు కాదంటారు. ఇద్దరి దగ్గరా ఆధారాలుంటాయి. చిక్కంతా ప్రశ్నలోనే ఉంది. ఏ ఇబ్బందికి, ఏ రూపంలో, ఏ దారిలో వాడుతున్నామన్నది విడదీస్తే ఈ చర్చలో సగం ముడులు విడిపోతాయి. మిగతా సగం ఇంకా పరిశోధన తేల్చాల్సినవే.

ఈ ప్రాంతానికి ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యం

2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం. అంతకుముందు 2015–16 సర్వేలో, 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు మన రాష్ట్రంలో 8.9 శాతం, దేశం మొత్తం మీద 3.2 శాతమే. వీటికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, అపెండిసైటిస్, హెర్నియా, పిత్తాశయ రాళ్లు కలుపుకుంటే, పొట్ట మీద కోత లేని ఇల్లు అరుదవుతోంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవాళ్లకు కూడా శస్త్రచికిత్సను అందుబాటులోకి తెచ్చింది.

దూరం సంగతి కూడా ఉంది. మార్కాపురం నుంచి ఒంగోలు దాదాపు వంద కిలోమీటర్లు. గిద్దలూరు నుంచి ఇంకా ఎక్కువ. అటు నంద్యాల వెళ్లాలంటే నల్లమల ఘాట్ దాటాలి. ఆపరేషన్ పెద్దాసుపత్రిలో జరిగినా, కుట్లు మానే రోజులు గడిచేది పల్లెలోని ఇంట్లో. అక్కడ కడుపు ఉబ్బినా వాంతి వచ్చినా ముందుగా గుర్తొచ్చేది వంటింటి డబ్బా, గూట్లోని సీసా. ఆ సీసా ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ ఆపాలి అన్నది ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండటం నగరంలోకన్నా ఇక్కడ ఎక్కువ అవసరం.

ఒక పేరు కింద మూడు బాధలు

ఆపరేషన్ తర్వాత "కడుపు బాగాలేదు" అన్న మాట కింద కనీసం మూడు వేర్వేరు బాధలుంటాయి.

మొదటిది వికారం, వాంతులు. శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో సుమారు 30 శాతం మందికి ఇవి వస్తాయి. ఎవరికి ఎక్కువ వస్తాయో అంచనా వేయడానికి జర్మన్ మత్తు వైద్యుడు క్రిస్టియన్ ఆప్ఫెల్ 1999లో నాలుగు లక్షణాల లెక్క ఇచ్చారు: స్త్రీ కావడం, పొగ తాగకపోవడం, ప్రయాణంలో వాంతులయ్యే తత్వం లేదా గత ఆపరేషన్ తర్వాత వాంతులైన చరిత్ర, ఆపరేషన్ తర్వాత నల్లమందు జాతి నొప్పి మందులు వాడటం. ఒక్కటీ లేకపోతే ముప్పు 10 శాతం. నాలుగూ ఉంటే 80 శాతం దాకా. మన పల్లె స్త్రీలలో చాలామందికి మొదటి రెండు లక్షణాలు ముందే ఉన్నట్టు. పూర్తి మత్తు ఇచ్చి గర్భసంచి లేదా పిత్తాశయం తీసినప్పుడు ఈ లెక్క నేరుగా వర్తిస్తుంది.

రెండోది పేగు నిద్ర. పొట్ట కోసి పేగులను తాకాక అవి కొంతసేపు కదలిక మానేస్తాయి. చిన్నపేగు గంటల్లోనే మేలుకుంటుంది. జీర్ణాశయానికి ఒకటి రెండు రోజులు, పెద్దపేగుకు రెండు మూడు రోజులు పడుతుంది. ఉబ్బరం, గాలి పోకపోవడం, మలబద్ధకం ఈ కాలంలోవే. నల్లమందు జాతి నొప్పి మందులు దీన్ని పొడిగిస్తాయి. వాంతికిచ్చే ఆండాన్‌సెట్రాన్ కూడా కొందరికి మలబద్ధకం తెస్తుంది.

మూడోది గుండెల్లో మంట, పులితేన్పులు. లాప్రోస్కోపీలో నింపిన గాలి వల్ల భుజంలో వచ్చే నొప్పిని కూడా జనం "గ్యాస్" అనే అంటారు. అది పేగులోని గాలి కాదు కాబట్టి ఏ వాముకూ తగ్గదు. కొన్ని రోజుల్లో తనంతట తానే పోతుంది.

వంటింటి నుంచి సీసా దాకా

ఈ నేలలో కడుపు మందుల చరిత్ర వంటింట్లోనే మొదలైంది. బాలింత పథ్యంలో వాము అన్నం, శొంఠి పొడి, వెల్లుల్లి కారం తరతరాలుగా ఉన్నాయి. ఆయుర్వేదం వీటిని దీపన, పాచన ద్రవ్యాలుగా లెక్కిస్తుంది. అంటే జఠరాగ్నిని రగిలించేవి, ఆమాన్ని అరిగించేవి. ఒంటిని శుభ్రపరిచే శోధన చికిత్స తర్వాత పేయ, విలేపి, యూషం అంటూ పలుచని జావ నుంచి గట్టి ఆహారం దాకా మెల్లగా తీసుకెళ్లే సంసర్జన క్రమం చరక, సుశ్రుత సంప్రదాయంలో ఉంది. పేగు అడ్డుపడ్డ రోగికి పొట్ట కోసి సరిచేసే విధానాన్ని వర్ణించిన సుశ్రుతుడు, ఆ తర్వాత ఏ ఆహారం ఇవ్వాలో కూడా చెప్పాడు.

ఆవిరి పట్టి తీసే గాఢమైన తైలాలు జనం చేతికి వచ్చింది ఎక్కువగా 19వ శతాబ్దం తర్వాతే. 1851లో ఇంగ్లండ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారుచేసిన గ్రైప్ వాటర్‌లో సోయి గింజల తైలం ముఖ్యం. అది మన పసిపిల్లల గూళ్లలోకి కూడా వచ్చింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం, 1920లో హైదరాబాద్‌లో పుట్టిన జిందా తిలిస్మాత్, తెలుగు ఇళ్లకు నీలగిరి తైలాన్ని, కర్పూరాన్ని, పుదీనా పువ్వును అలవాటు చేశాయి. పుదీనా పువ్వు, వాము పువ్వు, కర్పూరం కలిపితే తయారయ్యే అమృతధార కూడా ఈ కాలపుదే. మూడూ గట్టి పలుకులే. ఒక సీసాలో సమంగా వేసి మూత పెడితే, నీటిచుక్క కలపకుండానే కాసేపటికి కరిగి ద్రవమైపోతాయి. చూసినవాళ్లకు అద్భుతంలా తోచే ఈ గుణం ఆ మందుకు చాలా పేరు తెచ్చింది.

పాశ్చాత్య వైద్యంలో మలుపు 1979లో వచ్చింది. చికాకు పేగు జబ్బుకు (ఐబీఎస్) పుదీనా తైలం క్యాప్సూల్స్ పనిచేస్తాయని ఆ ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వెలువడింది. 1982లో పెద్దపేగు పరీక్ష చేసేటప్పుడు వచ్చే బిగువును అదే తైలం సడలిస్తుందని లాన్సెట్‌లో వచ్చింది. పుదీనా తైలంలోని మెంథాల్ పేగు కండరంలోకి కాల్షియం వెళ్లే దారిని అడ్డుకుని బిగువును తగ్గిస్తుందన్నది తెలిసిన విషయం. అక్కడి నుంచి, "అయితే ఆపరేషన్ తర్వాత కూడా పనికొస్తుందా?" అన్న ప్రశ్న నర్సింగ్ పరిశోధనల్లోకి దిగింది.

మూడు వాదాలు

సంప్రదాయ వాదం: వాము, శొంఠి, ఇంగువ, జీలకర్ర వేల ఏళ్ల అనుభవంలో నిలిచినవి, వాతాన్ని కిందికి దించే గుణం వాటికుంది, కోత తర్వాత మందగించిన అగ్నిని మళ్లీ రగిలించడం వైద్యంలో భాగమే. ఈ వాదంలో బలం ఆహార క్రమం మీద ఉన్న శ్రద్ధ. బలహీనత ఏమిటంటే, వంటింటి మోతాదులో వచ్చిన అనుభవాన్ని గాఢమైన తైలానికి కూడా వర్తింపజేయడం. ఆయుర్వేద గ్రంథాల తైలాలు చాలావరకు నువ్వుల నూనెలో మూలికలు కాచినవి. ఇప్పటి సీసాల్లోది మొక్కలోని వాసన పదార్థాన్ని మాత్రమే వేరుచేసి తీసిన సారం. రెండూ ఒకటి కావు.

శస్త్రవైద్యుల వాదం: వికారానికి ఆండాన్‌సెట్రాన్, డెక్సామెథాసోన్, మెటోక్లోప్రమైడ్ వంటి పరీక్షకు నిలిచిన, చౌకైన మందులున్నాయి. పేగు నిద్రకు డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెహ్లెట్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన సత్వర కోలుకునే పద్ధతి ఉంది: నల్లమందు జాతి మందులు తగ్గించడం, త్వరగా లేపి నడిపించడం, త్వరగా తినిపించడం. ఇవి ఉండగా తైలాలెందుకు? ఈ వాదం బలమైనదే. అయితే మందులన్నీ ఇచ్చాక కూడా చాలామందికి వికారం మిగిలిపోతుందన్నది దీనికి ఎదురయ్యే వాస్తవం.

సమన్వయ వాదం: ప్రధానంగా నర్సులు, మత్తు వైద్యులలో కొందరిది. మందుకు బదులుగా కాకుండా మందుతో పాటు, దూది మీద రెండు చుక్కలు వేసి వాసన చూపిస్తే ఖర్చు లేదు, ముప్పు తక్కువ, రోగికి తన చేతిలో ఏదో ఉందన్న ధైర్యం వస్తుందని వీళ్లంటారు. ఇప్పటి పరిశోధనలో ఎక్కువ భాగం ఈ వాదం చుట్టూనే తిరుగుతోంది.

వాసన చూడటం గురించి పరిశోధనలు

1997లో బ్రిటన్‌లో గర్భాశయ సంబంధ ఆపరేషన్లు చేయించుకున్న స్త్రీల మీద జరిగిన ఒక చిన్న అధ్యయనంలో పుదీనా తైలం వాసన చూసినవారికి వికారం తగ్గింది. 2012లో సిజేరియన్ తర్వాత 35 మంది తల్లులను పరిశీలించిన అమెరికా అధ్యయనంలో, రెండు నిమిషాలకూ ఐదు నిమిషాలకూ పుదీనా వాసన చూసినవారి వికారం మిగతా వారికన్నా స్పష్టంగా తగ్గింది. 2013లో 301 మంది మీద జరిగిన పెద్ద అధ్యయనంలో అల్లం తైలం, అల్లం–పుదీనా–యాలకుల మిశ్రమం ఉప్పు నీటి దూదికన్నా మెరుగని తేలింది.

ఇవి చదివి నిర్ణయానికి రాబోతే రెండు అధ్యయనాలు ఆపుతాయి. 2004లో ఒక పరిశోధక బృందం పుదీనా తైలం, ఐసోప్రోపైల్ ఆల్కహాల్, ఉత్త ఉప్పు నీరు మూడింటినీ వేర్వేరు రోగులకు వాసన చూపించింది. మూడు జట్లలోనూ వికారం దాదాపు ఒకేలా తగ్గింది. ముక్కుతో మెల్లగా పీల్చి నోటితో వదిలే శ్వాసే అసలు పని చేసి ఉండవచ్చని వాళ్లు తేల్చారు. 2014లో పుదీనాతో కూడిన శ్వాసను ఉత్త శ్వాసతో పోల్చిన అధ్యయనంలో కూడా రెండింటికీ గణనీయమైన తేడా కనపడలేదు.

ఈ అధ్యయనాలను కలిపి తూచిన కోక్రేన్ సమీక్ష 2018 కూర్పులో 16 అధ్యయనాలు, 1,036 మంది రోగులున్నారు. సుగంధ చికిత్స వికారం తీవ్రతను ఉత్తుత్తి మందుకన్నా ఎక్కువగా తగ్గిస్తుందని గట్టిగా చెప్పలేమనీ, వాంతి మందు అవసరం మాత్రం తగ్గవచ్చనీ, ఆధారాల నాణ్యత తక్కువనీ అది చెప్పింది. ఆ సమీక్షలో కాస్త మెరుగ్గా నిలిచింది మూలికా తైలం కాదు, ఐసోప్రోపైల్ ఆల్కహాల్. ఇంజెక్షన్‌కు ముందు చర్మం తుడిచే ప్యాకెట్ స్వాబ్‌లో ఉండేది. అదే ఆల్కహాల్ 2013 అధ్యయనంలో ఉప్పు నీటిని దాటలేకపోయింది. ఈ వైరుధ్యం ఇంకా అలాగే ఉంది.

పేగు కదలిక మాటేమిటి

గాలి పోవడం, మలం కదలడం విషయంలో తైలాల ఆధారాలు ఇంకా పలుచన. ఇరాన్‌లో 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో సిజేరియన్ అయిన తల్లుల పొట్ట మీద చామంతి కుటుంబానికి చెందిన కెమోమైల్ నూనె పూస్తే గాలి త్వరగా పోయిందని తేలింది. ఆశ కలిగించే ఫలితమే. అయితే ఒక్క దేశంలో, ఒక్క రకం ఆపరేషన్‌లో వచ్చిన దాన్ని అన్నిటికీ వర్తింపజేయలేం.

పుదీనా తైలం విషయంలో తర్కం కూడా అడ్డం తిరుగుతుంది. అది కండరాన్ని సడలిస్తుంది. బిగుసుకుపోయిన పేగుకు సడలింపు మంచిదే. కదలిక మానేసిన పేగుకు కావలసింది కదలిక. ఒక బాధకు పనికొచ్చింది ఇంకో బాధకు పనికొస్తుందని అనుకోవడం ఈ చర్చలో తరచూ జరిగే పొరపాటు.

తైలాలకన్నా చాలా ఎక్కువ పరీక్షకు నిలిచింది చూయింగ్ గమ్. 2015 నాటి కోక్రేన్ సమీక్షలో 81 అధ్యయనాలు, తొమ్మిది వేల మందికి పైగా రోగులున్నారు. గమ్ నమిలినవారికి సగటున సుమారు పది గంటల ముందే గాలి పోయింది. నమలడం వల్ల తిండి వస్తోందని పేగు నమ్మి కదలడం మొదలుపెడుతుందని వివరణ. ఈ అధ్యయనాల నాణ్యత కూడా అంత గొప్పది కాదు. త్వరగా తినిపించే వార్డుల్లో ఈ లాభం తగ్గుతుంది. అయినా నోటితో గాఢ తైలం మింగడంకన్నా ఇది ఎంతో సురక్షితం. గమ్ కూడా డాక్టరు నోటితో తీసుకోవచ్చని చెప్పాకే, పూర్తి మెలకువలో ఉన్న పెద్దవాళ్లకే ఇవ్వాలి.

తాగడం, పూయడం: ముప్పు ఎక్కడుంది

వాము గింజల్లో తైలం రెండు నుంచి నాలుగు శాతం. అందులో సగానికి అటూ ఇటూ థైమాల్. ఒక చుక్క తైలం అంటే గ్రాము నుంచి రెండున్నర గ్రాముల గింజల సారం. పది చుక్కలు తాగితే పది నుంచి పాతిక గ్రాముల వాము సారం ఒక్క గుక్కలో కడుపులోకి దిగినట్టు. చెంచాడు వాము మరిగించిన నీళ్లలోకి ఆ తైలంలో కొంతే దిగుతుంది, అది కూడా గ్లాసెడు నీటిలో పలచబడి. కోత పచ్చిగా ఉన్న పేగుకు ఈ తేడా చిన్నది కాదు.

మత్తు పూర్తిగా వదలని మనిషి తైలం మింగితే అది ఊపిరితిత్తుల్లోకి జారి తీవ్రమైన వాపు తెచ్చే ముప్పు ఉంది. పుదీనా తైలం అన్నవాహిక కింది మూతిని వదులు చేసి గుండెల్లో మంటను పెంచుతుంది. లవంగ తైలంలోని యూజెనాల్ రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గించగలదు. బామ్‌లలో ఉండే మిథైల్ సాలిసిలేట్ వార్ఫరిన్ వాడేవారికి ప్రమాదం. ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందు మూలికా మందులు ఆపమని అమెరికా మత్తు వైద్యుల సంఘం చెప్పడానికి ఇలాంటివే కారణాలు.

అన్నిటికన్నా పెద్ద ముప్పు తల్లి పక్కన పడుకున్న పసిబిడ్డకు. మెంథాల్, కర్పూరం పసివాళ్ల ముక్కు దగ్గరికి చేరితే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. కర్పూరం మింగితే చిన్నపిల్లలకు ఫిట్స్ వస్తాయి. తల్లి దిండు మీద, పైట మీద తైలం చల్లడం సిజేరియన్ వార్డులో అస్సలు చేయకూడని పని.

పోల్చి చూస్తే

వికారం, వాంతి: డాక్టరు రాసిన వాంతి మందే ముందు. దూది మీద అల్లం లేదా పుదీనా తైలం వాసన, నెమ్మది శ్వాస తోడుగా పనికొస్తాయి. ఆధారం బలహీనం, ముప్పు తక్కువ.

ఉబ్బరం, గాలి పోకపోవడం: లేచి నడవడం, త్వరగా తినడం, గమ్ నమలడం ముందు. పొట్ట మీద తైలం పూయడానికి ఆధారం పలుచన. కుట్ల దగ్గర పూయకూడదు.

మలబద్ధకం: నీళ్లు, పీచు ఉన్న తిండి, డాక్టరు ఇచ్చే మందు. తైలాలకు ఆధారం లేదు.

గుండెల్లో మంట: పుదీనా తైలం వాడకూడదు.

వాము నీళ్లు, శొంఠి: పలుచని ఆహారం మొదలయ్యాక, డాక్టరు ఒప్పుకుంటే, వంటింటి మోతాదులో. తైలం రూపంలో నోటితో వద్దు.

తేలనివి

మొదటిది, వాసన పరీక్షల్లో రోగికి తెలియకుండా ఉత్తుత్తి మందు పెట్టడం దాదాపు అసాధ్యం. పుదీనా వాసన వస్తోందో లేదో రోగికి తెలిసిపోతుంది. నమ్మకం చేసే మేలును తైలం చేసే మేలునుంచి వేరుచేయడం కష్టం. రెండోది మోతాదు: ఎన్ని చుక్కలు, ఎంతసేపు, ఎన్నిసార్లు అన్నది ఒక్కో అధ్యయనంలో ఒక్కోలా ఉంది. మూడోది నాణ్యత: మొక్క పెరిగిన నేలనుబట్టి, తీసిన తీరునుబట్టి, కల్తీనిబట్టి సీసా సీసాకు సారం మారుతుంది. నాలుగోది జనం: ఈ అధ్యయనాలు ఎక్కువగా అమెరికా, బ్రిటన్, టర్కీ, ఇరాన్ ఆసుపత్రులవి. వాము, శొంఠి వాసనలతో పెరిగిన మనవాళ్లకు అవే వాసనలు ఎక్కువ ఊరటనిస్తాయా అన్నది అడగదగిన ప్రశ్నే.

ఈ చివరి ప్రశ్నకు జవాబు వెతకడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. వికారానికి సున్నా నుంచి పది దాకా అంకె అడిగి రాసుకునే కాగితం, ఒక దూది, ఒకే రకం తైలం, ఆసుపత్రి నైతిక సంఘం అనుమతి, శ్రద్ధ ఉన్న నర్సు చాలు. కాన్పులు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగే మన ప్రాంత ప్రభుత్వ ఆసుపత్రులు ఈ పని చేయగలవు.

చివరి మాట

చేతిలో ఉన్న ఆధారాలను తూచి చూస్తే తీర్పు ఇది: మూలికా తైలం ఆపరేషన్ తర్వాత వికారానికి వాసన రూపంలో తోడు మాత్రమే. మింగే మందు కాదు, పేగును కదిలించే మందు అంతకన్నా కాదు. వంటింటి వాముకు, శొంఠికి ఉన్న గౌరవం వాటికే ఉండాలి. గాఢమైన సీసాకు దాన్ని బదిలీ చేయకూడదు. ఆసుపత్రులు కూడా ఇంటికి పంపేటప్పుడు ఏవి వాడొచ్చో, ఏవి వద్దో తెలుగులో స్పష్టంగా చెప్పాలి. కసురుకుంటే జనం వాడకం మానరు, దాచి వాడతారు.

ఇంట్లోవాళ్లు ఒక్క విషయం మాత్రం మరువకూడదు. ఆపరేషన్ అయినవారికి పొట్ట గట్టిపడి ఉబ్బుతున్నా, వాంతులు ఆగకపోయినా, గాలీ మలమూ రెండూ పోకపోయినా, జ్వరం వచ్చినా, నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా అది గ్యాస్ అనుకుని ఏ సీసా కోసమూ వెతకొద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి చేర్చండి.